గ్లాఫిరా సన్నబడలేదు

"తైసియా ప్రోఖొరోవ్నా, ఇంకొక్క చిన్న విషయం. మన గ్లాఫిరాను కాస్త తగ్గించగలరా?"

మాస్కో నుంచి ఫోను. అవతల ప్రచురణ సంస్థ ఎడిటర్ ఇంగా. ఆ పిల్ల గొంతు ఎప్పుడూ తేనె పూసినట్టే ఉంటుంది. ఇవతల తైసియా గోడ ఫోను దగ్గర నిలబడి, పిండి అంటిన చేత్తో రిసీవరు పట్టుకుని ఉంది. పొయ్యి మీద క్యాబేజీ మాడుతోంది.

"తగ్గించడమేంటమ్మా? పేజీలా?"

"పేజీలు కాదండీ, ఒళ్ళు. ఓ పాతిక కిలోలు. వయసు కూడా ఓ ఇరవై ఏళ్ళు."

"నేను రాసింది నవలనుకున్నానే! మాంసం కొట్టా ఇది?"

ఇంగా మర్యాదగా నవ్వి అసలు సంగతి చెప్పింది. హత్యకేసు పట్టుకునే గ్లాఫిరా ముప్పై దాటకూడదు. పొడుగు కాళ్ళు ఉండాలి. చివర్లో ఆవిడ హంతకుడి చేతిలో చిక్కితే ఒక కల్నల్ వచ్చి కాపాడాలి. మొదటి పేజీలోనే స్నానశాల బల్ల మీద ఒక అందమైన అమ్మాయి శవం, ఒంటి మీద నూలుపోగు లేకుండా, పడి ఉండాలి. ఇవన్నీ పెద్దాయన, అంటే సంస్థ యజమాని, చెప్పిన మాటలు. ఒప్పుకుంటే ఈ చలికాలమే అచ్చు.

"ఒప్పుకోకపోతే?"

"తిప్పి పంపేస్తారండీ. నాకూ బాధగానే ఉంది."

తైసియా ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్ళింది. క్యాబేజీ బొగ్గయిపోయింది. దాని మీద తిట్టాల్సినవన్నీ తిట్టింది, పాపం, అత్త మీద కోపం దుత్త మీద.

మా కినేష్మాలో తైసియాను ఎరగనివాళ్ళు లేరు. ఎరగనట్టు నటించే దొంగలు మాత్రం బోలెడంతమంది. తల్లి బట్టల మిల్లులో నేతపని చేసేది. మగ్గాల హోరులో పెరిగిన ఊరు మాది, ఇక్కడ ఆడవాళ్ళు గుసగుసలాడినా వోల్గా అవతలి ఒడ్డుకు వినబడుతుంది. అలాంటి ఊళ్ళో నోరు మెదపకుండా చూస్తూ కూర్చునే పిల్ల ఇదొక్కతే పుట్టింది. చదువుకుని పోలీసు శాఖలో దర్యాప్తు అధికారిగా చేరింది. అప్పటికే మనిషి నిండుగా ఉండేది, తర్వాత ఇంకా నిండింది. మొగుడు చాలా ఏళ్ళ కిందటే ఇంకో ఆవిడ గుమ్మంలో చెప్పులు విడిచాడు. ఆవిడ సన్నగా ఉంటుందట. ఉండనీ.

"మా స్టేషన్లో ఒకే ఒక్క మగాడున్నాడు, పేరు తైసియా" అని వాళ్ళ అధికారి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. అంతకన్నా గొప్ప మెప్పు ఆయనకు తెలియదు. ఏటా మార్చి ఎనిమిదిన, మహిళా దినోత్సవమని, మగవాళ్ళంతా కలిసి ఈవిడకు పసుపు మిమోసా పూలకొమ్మ ఒకటి ఇచ్చేవారు. అప్పుడు ఆ మగాడే, అదే మన తైసియా, అందరికీ బంగాళాదుంపల సలాడు కలిపి, తిన్నాక గిన్నెలు కడిగేది. పూలు వాళ్ళవి, అంట్లు ఈవిడవి.

ఉద్యోగం అయిపోయాక ఏమీ తోచలేదు. రైల్వే స్టేషను దుకాణంలో అపరాధ పరిశోధన నవలలు కుప్పలుగా పోసి అమ్మేవారు. దేశం దేశమంతా అవే చదువుతోంది ఆ రోజుల్లో. తైసియా కూడా చదివింది, చదివినకొద్దీ ఒళ్ళు మండింది. ప్రతి దాంట్లోనూ ఆడమనిషి మొదటి పేజీలో చచ్చిపడి ఉంటుంది. చచ్చినా అందంగానే ఉంటుంది, జుట్టు కూడా చెదరదు. నేరం పట్టుకునేది ఆడదయితే అదొక చిలక, లేకపోతే మీసం ఒక్కటే తక్కువైన మగాడు. ఒక్కదానికీ నడుం నొప్పి రాదు. ఒక్కదానికీ మేజోడు చిరగదు, చిరిగితే మాత్రం తొడ దాకా చిరుగుతుంది!

"మీరు కాదు, నేను రాస్తా" అని వంటింటి బల్ల మీద మొదలుపెట్టింది. అలా పుట్టింది గ్లాఫిరా. యాభై దాటిన మనిషి, ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఎడమ మోకాలు నొప్పి. మెట్లెక్కితే ఆయాసం. నవల్లో ఒక మిల్లు క్యాషియర్ హత్య జరుగుతుంది. గోడౌను మేనేజరు మీద అనుమానం. కానీ హత్య జరిగిన పూట అతను ఇంట్లోనే ఉన్నాడని భార్య జోయా సాక్ష్యం చెప్పింది, ఎవరడిగినా అదే మాట. ఊళ్ళో స్నానశాలకు గురువారం ఆడవాళ్ళ రోజు. గ్లాఫిరా అక్కడికి వెళ్తుంది. ఆవిరి గదిలో జోయా వీపు చూస్తుంది. ఒళ్ళు తేలికవ్వాలని ఆవిరిలో బర్చి చెట్టు కొమ్మల కట్టతో కొట్టుకుంటారు, ఆ ఎరుపు కాసేపట్లో పోతుంది. బెల్టు బక్కిల్ ముద్ర పోదు. గ్లాఫిరా ఒక్క ప్రశ్న వేయదు. "ఇటు తిరుగమ్మా, వీపు రుద్దుతా" అంటుంది, అంతే. మోకాలు పట్టుకుని మూలుగుతున్న లావుపాటి ముసలామె ముందు ఎవరికి భయం? జోయా కరిగిపోతుంది, నిజం బయటికొస్తుంది.

ఇదీ పుస్తకం. దీన్నే పాతిక కిలోలు తగ్గించమంటున్నారు.

తైసియా స్నేహితురాలు కపిటొలీనా మిల్లులో నేతపని చేసి చేసి సగం చెవుడు తెచ్చుకుంది. ఆవిడ మాట మూడు వీధులకు వినిపిస్తుంది. ఫోను సంగతి విని ఆవిడ తైసియానే కసిరింది.

"తగ్గిస్తే తగ్గించవే! నీ సొమ్మేం పోయింది? నేను నలభై ఏళ్ళుగా తగ్గుదామనే చూస్తున్నా. కాగితం మీద అంత సులువైతే నన్ను కూడా తగ్గించెయ్యి, దణ్ణం పెడతా."

"అది కాదే కాపా..."

"ఏది కాదు? ఈ వయసులో నీ పేరు అచ్చులో చూసే రాత మళ్ళీ వస్తుందా? మీ అమ్మ బతికుంటే మిల్లు గేటుకి అతికించేది ఆ పుస్తకాన్ని."

ఆ మాట తైసియాకు గుచ్చుకుంది. తనకూ ఆశ ఉంది. లేదని ఎవరు చెప్పారు? పుస్తకం చేతిలో పట్టుకోవాలని, దుకాణంలో పేరు చూసుకోవాలని ప్రాణం కొట్టుకుపోతోంది. సరే అని కూర్చుని గ్లాఫిరాను చెక్కడం మొదలుపెట్టింది. నడుం చెక్కింది, వయసు చెక్కింది, మోకాలు నొప్పి తీసేసింది. మిగిలిన పిల్ల లేచి పరిగెత్తింది, అదీ ఎత్తు మడమల చెప్పులతో, మంచు మీద! మా ఊళ్ళో ఫిబ్రవరిలో అలా పరిగెత్తిన మనిషి నేరుగా ఎముకల డాక్టరు బల్ల మీదే ఆగుతుంది. తైసియా పళ్ళు బిగించి రాస్తూనే పోయింది. కల్నల్‌ను తెచ్చింది. మొదటి పేజీలో శవాన్ని పడేసింది.

గురువారం ఆ కాగితాలు సంచీలో వేసుకుని స్నానశాలకు వెళ్ళింది. ఆవిరి పట్టి బయటికొచ్చాక అందరూ దుప్పట్లు చుట్టుకుని బల్లల మీద చేరి, టీ తాగుతూ, ఎండుచేప ఒలుచుకుంటూ కూర్చోవడం అలవాటు. నవల మొదటిసారి రాసినప్పుడు ప్రతి అధ్యాయం ఇక్కడే చదివి వినిపించింది. డెబ్బై ఏళ్ళవాళ్ళు కూడా ఇక్కడ ఒకరినొకరు "అమ్మాయిలూ" అనే పిలుచుకుంటారు.

"కానీవే" అంది కపిటొలీనా. "అమ్మాయిలూ, నోళ్ళు ముయ్యండి! తాయా చదువుతోంది!"

తైసియా చదివింది. మొదటి పేజీ అయ్యేసరికి చేప ఒలిచే చేతులు ఆగాయి. కొత్త గ్లాఫిరా స్నానశాలలోకి అడుగుపెట్టేసరికి కపిటొలీనా చెయ్యెత్తింది.

"ఆగు. ఎవర్తే ఇది?"

"గ్లాఫిరా."

"కాదు. ఇలాంటిదొచ్చి పక్కన కూర్చుంటే నేను దుప్పటి మెడదాకా లాక్కుంటా. నోరు కుట్టేసుకుంటా. ఇక ఆ జోయా? బెల్టు దెబ్బలు తిన్న మనిషి దీనికి వీపు చూపిస్తుందా? చచ్చినా చూపించదు!"

"నువ్వే కదే తగ్గించమన్నావు?"

"అన్నానే! బుద్ధి గడ్డితిని అన్నా. వినేదాకా తెలీలేదు. ఇదివరకు ఆ పుస్తకంలో నేనున్నానే తాయా. ఇప్పుడు నన్ను బయటికి గెంటేశావు." ఎప్పుడూ అరిచే మనిషి ఆ మాట మాత్రం మెల్లిగా అంది.

మూల నుంచి ఇంకొకావిడ అడిగింది, "ఆ చచ్చిపోయిన పిల్ల ఎవరమ్మా? ఎవరి కూతురు?"

"తెలీదు. పెద్దాయన చెప్పలేదు. పేరు లేదు."

"పేరన్నా లేకుండా పడేశావా? మన బల్ల మీద?"

అందరూ తాము కూర్చున్న బల్ల వైపు చూశారు. ఒకావిడ కాళ్ళు పైకి లాక్కుంది. తైసియాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. కాగితాలు సంచీలో కుక్కి, తల తుడుచుకోకుండానే ఇంటికి వెళ్ళి, మాస్కోకు ఫోన్ చేసింది.

"నా వల్ల కాదమ్మాయ్. తిప్పి పంపెయ్యి."

"అయ్యో, తొందరపడకండి" అంది ఇంగా. "వచ్చేవారం ఇవానోవోలో పుస్తకాల సంతకు వస్తున్నా. అట్నుంచటే మీ ఊరొస్తాను. కూర్చుని మాట్లాడుకుందాం. ఆఖరి మాట అప్పుడు చెప్పండి."

"రా. కానీ గురువారం వస్తే నేను ఇంట్లో ఉండను. స్నానశాలకే రావాలి."

ఇంగా వచ్చింది. సన్నగా, తెల్లగా, కొరడాలా ఉంది పిల్ల. ముప్పై నాలుగేళ్ళుంటాయి. ఆవిరి గదిలోకి రంగురంగుల ఈత దుస్తులతో అడుగుపెట్టింది. లోపలున్న వాళ్ళు ఒక్క క్షణం నోళ్ళు తెరిచారు.

"ఈత పోటీ ఇవాళ కాదు తల్లీ!" అని అరిచింది కపిటొలీనా.

"మాస్కోలో సౌనాకు ఇలాగే వెళ్తామండీ..."

"ఆ గుడ్డ వేడెక్కి నీకే అంటుకుంటుంది. తియ్యి, తియ్యి. ఇక్కడ ఎవరి దగ్గర లేనిది నీ దగ్గరేముంది?"

ఇంగా చాలాసేపు నిలబడింది. తర్వాత గోడ వైపు తిరిగి తీసేసింది. ఇటు తిరిగినప్పుడు రెండు చేతులూ పొట్ట మీద ఉన్నాయి. వేళ్ళ సందుల్లోంచి అడ్డంగా, వంకరగా కుట్టిన కాన్పు కోత కనబడుతోంది. తైసియా చూసింది. అది చూడకుండా ఉండలేని కళ్ళు ఆవిడవి. కపిటొలీనా పిల్లను పై మెట్టు బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, తలకు వేడి తగలకుండా ఉన్ని టోపీ పెట్టి, నానబెట్టిన బర్చి కొమ్మలతో అరికాళ్ళ నుంచి కొట్టడం మొదలుపెట్టింది.

"అబ్బా! చంపేస్తారా!"

"చంపితే మీ పెద్దాయనకి సంతోషం. మొదటి పేజీకి సరిపోతావు."

ఆవిరి గదంతా పగలబడి నవ్వింది. ఇంగా కూడా నవ్వింది, నవ్వు మధ్యలో ఎందుకో ముక్కు చీదింది.

బయటికొచ్చాక కందగడ్డలా ఎర్రబడి, దుప్పటి చుట్టుకుని బల్ల మీద కూలబడింది. నాకు పిండి వస్తువులు పడవు అని ముందే చెప్పిన పిల్ల, క్యాబేజీ కూరి కాల్చిన పిరోగు ఒకటి తిని ఇంకోదానికి చెయ్యి చాపింది. దాని మీద వ్యాఖ్యానం చేయబోయిన కపిటొలీనాను తైసియా మోచేత్తో పొడిచింది.

"మా ఆయనకు కూడా ఇది చూపించను నేను" అంది ఇంగా, పొట్ట మీద చెయ్యేసుకుని. "దీపం ఆర్పేస్తా. ఇక్కడ విచిత్రంగా ఉంది. ఎవరూ నన్ను చూడలేదు."

"అందరం చూశాం" అంది తైసియా. "వెల కట్టలేదంతే."

తైసియా టీ గ్లాసు పక్కన పెట్టింది.

"ఇంగా, ఒకటి చెప్తా విను. ఇక నన్నేం అడగొద్దు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో వోల్గా ఒడ్డున ఒక పిల్ల శవం దొరికింది. ఒంటి మీద ఏమీ లేదు. ఫోటోలు తీశారు, కొలతలు తీశారు. పని అయిపోయింది. అయినా మావాళ్ళు కదల్లేదు. చుట్టూ నిలబడి సిగరెట్లు వెలిగించారు. ఎంత బాగుందిరా అన్నాడొకడు. నా కోటు తీసి కప్పేశాను. మంచు పడుతోంది, వణుకుతూ నిలబడ్డా. నీకు జ్వరమొస్తుంది, ఆ పిల్లకి చలెయ్యదుగా అని నవ్వారు. ఆ పిల్ల పేరు లీదియా. బేకరీలో పని చేసేది. ఇప్పుడు మీ పెద్దాయన మళ్ళీ ఆ కోటు లాగమంటున్నాడు, అదీ నా చేత్తో. నేను లాగను. నా స్నానశాలలో ఎవరూ చావరు. అక్కడ ఆడవాళ్ళు వీపులు రుద్దుకుంటారు, అంతే. అచ్చు కాకపోతే పోనీ. ఏడుస్తాను, నిజంగానే ఏడుస్తాను. కానీ లాగను."

కపిటొలీనా ఏం చేయాలో తెలియక చేపముక్క ఒకటి తైసియా చేతిలో పెట్టింది.

ఇంగా వెళ్ళేటప్పుడు తడిజుట్టు మీద శాలువా కప్పుకుంటూ, "పుస్తకం లోపల ఒక్క ముక్క మారకుండా చూస్తాను. పెద్దాయనతో నేను పోట్లాడతా, ఇన్నాళ్ళూ ఎప్పుడూ పోట్లాడలేదు" అంది. ఆగి, నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పింది. "అట్ట మీద బొమ్మ మాత్రం నా చేతిలో లేదండీ."

వసంతంలో మంచు కరిగి వీధులన్నీ బురదయిన రోజుల్లో పార్శిల్ వచ్చింది. తైసియా కత్తెర కూడా వెతుక్కోలేదు, దారం పళ్ళతో తెంపింది. అట్ట మీద బంగారు జుట్టు పిల్ల, చిరిగిన మేజోడు, చేతిలో పిస్తోలు. పక్కన తైసియా పేరు.

"ఎవర్తే ఇది?" అంది కపిటొలీనా, రెండోసారి.

తైసియా లోపల పేజీలు తిప్పింది. మొదటి పేజీలో గ్లాఫిరా ఆయాసపడుతూ మెట్లెక్కుతోంది. స్నానశాలలో జోయా వీపు తిప్పుతోంది. చివర్లో ఏ కల్నలూ రాలేదు. ఇంగా మాట నిలబెట్టుకుంది. అయినా ఆ అట్ట మళ్ళీ కంటపడేసరికి తైసియా పుస్తకాన్ని పక్కకు నెట్టేసింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా రైల్వే స్టేషను దుకాణంవాడు ఆ బొమ్మే బయటికి కనబడేలా వరసగా పేర్చాడు. అటు వెళ్ళడమే మానేసింది. ఇది కొన్నవాళ్ళు ఆ పిల్ల కోసం కొంటారు, లోపల గ్లాఫిరాను చూసి మోసపోయామని విసిరేస్తారు, అంతే కదా అనుకుంది. పుస్తకాలున్న పెట్టెను మంచం కిందికి తోసేసింది. కొత్తది మొదలుపెట్టమని ఇంగా ఫోన్ చేస్తే, చూద్దాంలే అంది. వంటింటి బల్ల మీద కాగితాలు పోయి టమాటా నారుకుండీలు వచ్చాయి.

మే నెలలో ఒక ఉదయం విచుగాలో ఉన్న పెద్దమ్మ కూతుర్ని చూడటానికి లోకల్ రైలెక్కింది. పెట్టె నిండా తోటలకు వెళ్ళే జనం. బకెట్లు, పారలు, నారు మొక్కలు. ఎదురుగా ఒకావిడ కూర్చుని ఉంది. పెద్ద మనిషి, రబ్బరు బూట్లు, ఒళ్ళో బకెట్. బకెట్ మీద వార్తాపత్రిక అట్ట వేసిన పుస్తకం ఆనించుకుని చదువుతూ తనలో తాను నవ్వుతోంది. మధ్యలో "ఓసి నీ ఇల్లు బంగారం కానూ" అని కూడా అంది.

"ఏం పుస్తకమండీ?" అని అడిగింది తైసియా, ఊరికే.

"డిటెక్టివ్. పేపర్ ఎందుకేశానంటారా? అట్ట మీద ఒక సిగ్గుమాలిన పిల్లని గీశారు. ఇంట్లో మనవలు చూస్తారని కప్పేశా. మా వార్డులో నర్సులందరం ఇలాగే కప్పుకుని ఒకరి తర్వాత ఒకరం చదువుతున్నాం. అట్ట మీది పిల్ల లోపల వెతికినా లేదు!"

తైసియా ముందుకు వంగింది. "మరి లోపల ఎవరున్నారు?"

"ఒక లావుపాటావిడ. ఉంటుందండీ, భలేగా ఉంటుంది! పోలీసు ఆఫీసరు. మోకాలు పట్టేసి మెట్ల మీద కూర్చుండిపోతుంది, అయినా వదలదు."

"హంతకుడు ఎవరో తెలిసిందా?"

"వాడి సంగతి నాకెందుకండీ, ఎవడో ఒకడు. నేను రెండోసారి చదువుతున్నా. ఆవిడ మోకాలికి క్యాబేజీ ఆకు మీద తేనె పూసి కట్టుకుంటుంది చూడండి, పడుకునేముందు? మొన్నట్నుంచి నేనూ కట్టుకుంటున్నా." బూటు లాగి మోకాలు చూపించింది. కాలు వాచి, నరాలు తేలి, అచ్చం మా మిల్లు ఆడవాళ్ళ కాలులా ఉంది. "ముప్పై ఏళ్ళు వార్డుల్లో తిరిగిన కాలు. ఇలాంటి కాలు ఒకటి లోకంలో ఉందని ఒక పుస్తకంలో రాస్తారని అనుకోలేదండీ నేను."

తైసియా కిటికీలోంచి బయటికి చూసింది. కళ్ళు మసకబారాయి. ఏదో ఒకటి చెప్పి తీరాలి. చివరికి నోటికొచ్చింది చెప్పింది.

"తేనె కొంచెమే పూయండి. ఎక్కువైతే మేజోడు అంటుకుపోతుంది. ఆ ముక్క రాయడం నేను మర్చిపోయాను."

ఆవిడ పుస్తకం బకెట్ మీద బోర్లించింది. తైసియాను బూట్ల దగ్గర్నుంచి టోపీ దాకా, ఏ తొందరా లేకుండా, మొహమాటం లేకుండా చూసింది.

"గ్లాఫిరా" అంది.